ఫోటోలో ఉన్న తల్లి

మీరే చంపారు. చంపి, చేతులు కడుక్కుని, కొత్త కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఫోటో దిగారు. తల్లిని తీగల బోనులో కుక్కి ఏడాదికి రెండు కాన్పులు పిండుకున్న ఫారం యజమానీ, నువ్వు. ఆ యజమాని ఊరికే పంపే దాణా బస్తాలకు నోరు కుట్టేసుకున్న కుక్కల షెల్టరు కమిటీ పెద్దల్లారా, మీరు. జాతిపిల్ల కావాలని, దానికి కాగితాలు కావాలని, తల్లి ఫోటో చూసి మురిసిపోయి, ఆ తల్లి ఇప్పుడెక్కడుందని ఒక్క మాట అడగని పెద్దమనుషులారా, మీరు. సూది వేసింది డాక్టరమ్మ, కుక్క కాళ్ళు పట్టుకుంది గదులు కడిగే గొట్టం మామ, నిజమే. వాళ్ళను ముందుకు తోసి మీరు వెనక నక్కుదామనుకుంటే కుదరదు. ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను, కూర్చోండి.

పొద్దున్న ఆరున్నరకల్లా గొట్టం మామ షెల్టరులోని పన్నెండు గదుల్లో తొమ్మిది కడిగేశాడు. చివరి గది నుంచి మొదలుపెట్టి వాకిలి వైపు రావడం అతడి పద్ధతి. ముందు చీపురు, తర్వాత నీళ్ళు, తర్వాత బ్లీచింగు, మళ్ళీ నీళ్ళు. కుక్కను ఒక మూలకు అదిలించి రెండో మూల కడుగుతాడు, తర్వాత అటుది ఇటు. గొట్టం ఎప్పుడూ ఎడమ భుజం మీదే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ బరువు మోసి మోసి ఆ భుజం కిందికి దిగిపోయింది. నిలబడితే ఎవరో చెవిలో రహస్యం చెబుతుంటే వంగి వింటున్నట్టుంటాడు. బ్లీచింగుకు వేళ్ళు తెల్లబడి, బొటనవేలి మీద గీతలు చెరిగిపోయాయి. హాజరు మిషను మీద వేలు పెడితే అది రోజూ వద్దంటుంది. మూడుసార్లు పెట్టి చూశాక ఆఫీసు మేడమ్ విసుక్కుంటూ చేత్తో రాసుకుంటుంది.

"నిన్ను ఆ మిషను మనిషి కింద ఒప్పుకోవట్లేదు మామా" అంటాడు కుక్కల వ్యాను డ్రైవరు. "దానికున్న తెలివి మన కమిటీకి లేకపోయింది."

గొట్టం మామ నవ్వేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి అని పేరు. నెల రోజుల పనని చేరాడు. గడ్డం నెరిసేదాకా ఎవరూ పొమ్మనలేదు, తనూ ఇంకొకటి కావాలని అడగలేదు. కుక్కలకు పేర్లు పెట్టడు. మొదటి ఏడాది ఒకదానికి పెట్టాడు. దాని పేరు ఇప్పటికీ పెళ్ళాం దగ్గర కూడా ఎత్తడు. అప్పటినుంచి అన్నీ గది నంబర్లే. ప్రతి తలుపుకూ ఒక పలక వేలాడుతుంది. కుక్క వచ్చిన తేదీ, ఇవాళ్టికి ఎన్నో రోజో దాని మీద ఉంటాయి. ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగు దాకా ఎవరైనా తీసుకెళ్తే సరి, లేకపోతే సూదే. సాయంత్రం ఇంటికెళ్ళగానే పెళ్ళాం అతడి చొక్కా వేరే బకెట్లో వేస్తూ అడుగుతుంది, "ఇవాళ ఎన్ని?" అని. "ఏం లేవే" అంటాడు. ఆవిడ నమ్మదు. అయినా అడగడం మానదు.

ఆ రోజు మూడో గది పలక మీద ఎనిమిదో రోజు.

గోధుమ రంగు ఆడకుక్క. నుదుటి మీద తెల్ల చార, నడుమ విరిగి రెండు పాయలైన చార. ఫారం ట్రాలీవాడు దాన్ని దింపి, రోడ్డు మీద దొరికిందని రాయించి వెళ్ళాడు. రోడ్డు మీద దొరికిన కుక్కకు అరికాళ్ళు అలా ఉండవు. దించిన రోజే గొట్టం మామ చూశాడు. సిమెంటు నేల మీద ఆ కుక్కకు నడవడం చేతకాలేదు. వేళ్ళు విడదీసి, అడుగడుక్కీ తడుముకుంటూ, కిందకి జారిపోతానేమో అన్నట్టు నడిచింది. పుట్టిందగ్గర్నుంచీ తీగల మీద నిలబడ్డ నడక అది. మోచేతుల దగ్గర కాయలు. చెవి లోపల నంబరును స్పిరిటుతో రుద్దేస్తే మిగిలిన పచ్చటి మచ్చ. పొట్ట కింద చన్నులు వేలాడి, నాలుగైదు చోట్ల పాలు గడ్డకట్టి రాయిలా ఉన్నాయి. పిల్లల్ని పెట్టి నెల దాటింది. పిల్లలు అక్కడ, ఇది ఇక్కడ. అన్నీ తెలిశాయి. ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు వెనక గోడకు ఆనించి ఫారం వాళ్ళ దాణా బస్తాలు ఇరవై ఉన్నాయి. "ఆ ఫారం ఊసెత్తితే నీ పని ఊడుతుంది" అని మేడమ్ ఏడాది కిందటే చెప్పింది.

తనే ఇంటికి తీసుకుపోవచ్చు కదా అంటారా? కూడదని గోడ మీద కాగితం అంటించారు. ఎప్పుడో ఒక వాచ్‌మన్ కుక్కల్ని తీసుకెళ్ళి అమ్ముకున్నాడట. ఒకడు గడ్డి తిన్నాడని అందరి నోటికీ చిక్కం కట్టారు.

కానీ ఆ ఎనిమిదో రోజు మీద గొట్టం మామకు ఆశ ఉంది. ముందు వారం ఒక పాప వచ్చింది. పదేళ్ళుంటాయి. బడి పిల్లలందరూ మొదటి గదిలో గంతులేసే నల్లకుక్క దగ్గర మూగితే ఈ పిల్ల మాత్రం మూడో గది ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది. గంటసేపు అక్కడే ఉంది. కుక్క చివరికి వచ్చి ఊచల సందులోంచి పాప మోకాలు వాసన చూసింది. "మా నాన్నని తీసుకొస్తా తాతా, దీన్ని ఎవరికీ ఇవ్వకు" అంది వెళ్తూ. వాళ్ళ నాన్న ఫారంలో ఒక పిల్లను అప్పటికే మాట్లాడి ఉంచాడు. ముందు ఇక్కడ చూసి, నచ్చకపోతే అక్కడికి వెళ్ళాలని తండ్రీ కూతుళ్ళ ఒప్పందం. పదకొండింటికి వస్తున్నామని ఫోను వచ్చింది.

అందుకని గొట్టం మామ ఆ పొద్దున కాగు కింద మంట పెట్టి నీళ్ళు వేడి చేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక కుక్కకు వేణ్ణీళ్ళు పోయడం అదే మొదలు. దువ్వాడు. కళ్ళ పుసులు తుడిచాడు. ఇక పొట్ట మిగిలింది. చూసేవాళ్ళు ముందు పొట్టే చూస్తారని అతడికి తెలుసు. వేలాడే చన్నులు చూస్తే ముసలిదనీ, రోగమనీ మొహం తిప్పుకుంటారు. పాత బనీను ఒకటి చింపి నడుం చుట్టూ బిగించి కట్టి, పైన ఒక ముడి వేశాడు. కుక్క ఒకసారి వెనక్కి తిరిగి అతడి చెయ్యి చూసింది. మూలగలేదు. మూలిగితే తీగల బోనులో ఏమయ్యేదో దానికి తెలుసు.

డ్రైవరు అటు వెళ్తూ ఆగాడు. "ఏంటి మామా, పెళ్ళిచూపులా?"

"నువ్వు నీ పని చూసుకోరా."

"పిల్ల లక్షణంగానే ఉంది. వయసు మాత్రం తగ్గించి చెప్పు."

గొట్టం మామకు నవ్వొచ్చింది. చాలా రోజులకు పళ్ళు కనబడేలా నవ్వాడు.

పదకొండున్నరకు వచ్చారు. తండ్రి చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే కథ తేలికయ్యేది. బూట్లు తడవకుండా జాగ్రత్తగా నడిచాడు, పలకరిస్తే పలికాడు. సందర్శకుల గదిలో బల్ల మీద కూర్చున్నాడు. మేడమ్ తలుపు దగ్గర నిలబడింది. గొట్టం మామ కుక్కను తాడు పట్టి తీసుకొచ్చాడు. వేళ్ళు విడదీసుకుంటూ అది వచ్చింది.

"నడకేంటి పెద్దాయనా అలా ఉంది? కాళ్ళు పోయాయా?"

"కొత్త నేల కదా సార్. అలవాటైపోద్ది."

"ఆ గుడ్డేంటి?"

"చలికి సార్" అన్నాడు గొట్టం మామ. అబద్ధం చెప్పడం రాదు. చెవులు ఎర్రబడ్డాయి.

పాప నేల మీద కూర్చుంది. కుక్క నేరుగా పాప దగ్గరికే పోయి తల మోకాలి మీద పెట్టింది. చూశారా, అక్కడితో అయిపోవాల్సిన సంగతి అది.

"చూడు నాన్నా! నన్ను గుర్తు పట్టింది."

"బాగానే ఉందమ్మా. కానీ దీని పుట్టుపూర్వాలు మనకేం తెలుసు? ఎవరికి పుట్టిందో, ఏ రోగాలున్నాయో. ఫారంలో అయితే అన్నిటికీ కాగితాలుంటాయి." ఫోను తీసి గొట్టం మామకూ చూపించాడు. నిజాయితీగానే చూపించాడు. "ఇదిగో పెద్దాయనా, మేం మాట్లాడుకున్న పిల్ల. వాళ్ళు తల్లి ఫోటో కూడా పంపారు. ఎంత దర్జాగా ఉందో చూడు."

గొట్టం మామ చూశాడు. పచ్చగడ్డిలో నిలబడ్డ పడుచు కుక్క. మెరిసే ఒళ్ళు. నుదుటి మీద తెల్ల చార, నడుమ విరిగి రెండు పాయలు.

ఆ క్షణం గురించే నేను చెబుతున్నది. ఫోటో అతడి కళ్ళముందు ఉంది, కుక్క కాళ్ళముందు ఉంది. ఒక్క మాట చాలు. అతడు తలెత్తాడు. తలుపు దగ్గర మేడమ్ కళ్ళు చిట్లించింది. వెనక గోడ, బస్తాలు, ఊడే పని, పెళ్ళాం మోకాళ్ళ మందులు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. మాట ఎందుకు, కుక్కే నచ్చుతుందిలే అనుకున్నాడు. వంగి, బనీను ముడి వదులైందేమోనని ఇంకాస్త బిగించాడు.

అదే సమయానికి పాప సంతోషం పట్టలేక కుక్క పొట్ట కింద రెండు చేతులూ వేసి ఒళ్ళోకి ఎత్తుకోబోయింది.

కుక్క అరిచిన అరుపు పన్నెండు గదుల్లోనూ వినబడింది. నొప్పికి తల తిప్పి పాప మణికట్టును నోట పట్టింది. పట్టి, వెంటనే వదిలేసింది. పన్ను గాటు లేదు, తడి మాత్రం అంటింది. తండ్రి ఒక్క ఊపున పిల్లను లాగి వెనక్కి తీసుకున్నాడు.

"కరిచింది! కరిచే కుక్కని పిల్ల ముందు పెడతారా?"

"కరవలేదు నాన్నా. దానికి ఎక్కడో నొప్పి" అని పాప ఏడ్చింది.

"సార్" అన్నాడు గొట్టం మామ. గొంతు కీచుగా వచ్చింది. "సార్, ఆ ఫోటోలో ఉన్నది ఇదే. మీ పిల్లకి తల్లి ఇదే సార్. పాలు గడ్డకట్టాయి, అందుకే అరిచింది. మీరే చూడండి, ఆ చార..."

తండ్రి చూడలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. "బావుందయ్యా! నీ కుక్కని అంటగట్టడానికి ఇంత కథా? ముందే ఎందుకు చెప్పలేదు మరి?"

గొట్టం మామ వంగి కుక్క తాడు చేతికి చుట్టుకున్నాడు.

మేడమ్ క్షమాపణలు చెప్పుకుంటూ వాళ్ళను గేటు దాకా సాగనంపింది. తిరిగొచ్చి, "రేపు నువ్వు ఆఫీసుకి రా, మాట్లాడాలి" అంది. పాప మాత్రం వెళ్ళేటప్పుడు గొట్టం మామను తేరిపార చూసింది. తాతా అనలేదు.

మధ్యాహ్నం అతడు మిగిలిన మూడు గదులూ కడిగాడు. అన్నం డబ్బా మూత తీయలేదు. నాలుగింటికి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, చేతులు మెత్తన, చేసేది మాత్రం ఆ పనే. గొట్టం మామ బనీను ముడి విప్పాడు. గుడ్డ లోపల తడిసి ముద్దగా ఉంది. గట్టి కట్టు విడిపోగానే ఉపశమనానికి కాబోలు, కుక్క నిట్టూర్చింది. వెచ్చటి పాలు నాలుగు చుక్కలు బల్ల రేకు మీద పడ్డాయి.

"పిల్లలున్నట్టున్నాయే దీనికి" అంది డాక్టరమ్మ.

"ఉన్నాయమ్మా."

"ఎక్కడ?"

"అమ్ముడుపోతున్నాయి."

ఆమె సూది పక్కన పెట్టి అనుమతి కాగితం తీసి చూసింది. దాని మీద సంతకాలు అయిపోయి ఉన్నాయి. ఒకటి కమిటీది, ఒకటి మేడమ్‌ది. మళ్ళీ సూది తీసుకుంది. గొట్టం మామ ముందుకాళ్ళు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోవాల్సిన పని లేకపోయింది. కుక్క అతడి తెల్లబడ్డ బొటనవేలు ఒకసారి నాకింది, అలాగే ఆగిపోయింది.

నాలుగుంబావుకు మూడో గది పలక తుడిచాడు. అదే వేళకు ఫారం గేటు దగ్గర ఒక తండ్రి, కూతురి ఒళ్ళో కుక్కపిల్లను పెట్టి, "నవ్వమ్మా, నవ్వు" అంటూ ఫోటో తీస్తున్నాడు.

ఆ సాయంత్రం పెళ్ళాం బకెట్ పట్టుకుని, "ఇవాళ ఎన్ని?" అంది.

"ఒకటి" అన్నాడు గొట్టం మామ. "నేనే చంపాను."

ఆవిడ బకెట్ కింద పెట్టి అతడి పక్కన కూర్చుంది. మర్నాడు ఆఫీసులో అతడి పని ఊడింది. ఇప్పుడు ఆ గొట్టం ఇంకొకడి భుజం మీద ఉంది.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది వినండి. కుక్కపిల్లను కొనడానికి వెళ్ళినవాడు ఫోటో చూసి రాకూడదు. తల్లిని నా ముందు నిలబెట్టు, నడిపించు, అరికాళ్ళు చూపించు అని అడగాలి. చూపించనివాడి షెడ్డుకు తాళం పడాలి. ఆ బస్తాలు ఈ వారమే వెనక్కి పంపాలి. నిజం చెప్పినందుకు పని పోగొట్టుకున్న మనిషిని పిలిచి పనివ్వాలి. కడిగే చేతులకు కుక్కను ఇంటికి తీసుకెళ్ళే హక్కు రాసివ్వాలి. వచ్చే నెలో పై ఏడో కాదు, రేపు పొద్దున్న. మూడో గదిలోకి అప్పుడే ఇంకొకటి వచ్చింది. పలక మీద ఇవాళ అయిదో రోజు.

వెళ్ళినప్పుడు సందర్శకుల గదిలో బల్ల కిందికి ఒకసారి వంగి చూడండి. పాప దాచిపెట్టి తెచ్చిన మెడపట్టీ అక్కడ గోడవారగా పడి ఉంది. ఎర్రది, కొత్తది, ఎదిగిన కుక్క మెడకు సరిపోయేది, ధర చీటీ ఇంకా తెంచనిది.