ప్రార్థన జరగని పొద్దు

చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోవడానికి వీల్లేదు. దుప్పటి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకోవాలి, అంచు సరిచేసి వేడి రోలరు సందుకు అందించాలి, అది లాక్కునేలోపల వేళ్ళు వెనక్కి తీసుకోవాలి. కందిరీగ పొద్దుటి నుంచీ అదే పని చేస్తోంది. రెండు నెలల కిందట ఇదే రోలరు ఆమె మొగుడి కుడిచేతిని మణికట్టు దాకా లాక్కుంది. ఆయన చోటు ఖాళీ అయితే లాండ్రీ యజమాని ఆమెను తీసుకొచ్చి అక్కడే నిలబెట్టాడు. పైగా, ఆ కుటుంబం మీద కనికరించానని నలుగురికీ చెప్పుకున్నాడు.

కందిరీగ అన్నది తోటి పనివాళ్ళు పెట్టిన పేరు. జోలికి పోతే కుడుతుందని.

రోలరు ముందు ఒకప్పుడు ఇనప అడ్డకమ్మీ ఉండేది. అది ఉంటే వేళ్ళు లోపలికి పోవు. కానీ దానివల్ల పని నెమ్మదిస్తోందనీ, హోటళ్ళ నుంచి వచ్చిన మూటలు తరగడం లేదనీ యజమాని దాన్ని పీకించేశాడు. మనిషి చెయ్యి పోయాక కూడా తిరిగి పెట్టించలేదు. ఒక్కో దుప్పటి అందిస్తూ ఒక్కోసారి కందిరీగ ఆ మహానుభావుడి చేతిని ఆ సందులో ఊహించుకునేది, వేలి ఉంగరంతో సహా. అలా అనుకోవడం పాపమని ఆమెకు తెలుసు. తెలిసే అనుకునేది. అనుకున్నంతసేపూ పని తేలిగ్గా సాగేది.

"ఈ ఆదివారం చర్చిలో మీ ఆయన సాక్ష్యం చెబుతున్నాడంటగా?" అని అవతలి వైపు దుప్పట్లు మడతపెడుతున్న ముసలామె అడిగింది. ఆమె కూడా వాళ్ళ చర్చి మనిషే. ఆ మాటకొస్తే లాండ్రీలో సగం మంది ఆ చర్చివాళ్ళే. యజమాని ఆ చర్చికి పెద్ద.

"ఏం సాక్ష్యం? నాతో ఒక్క ముక్క అనలేదే!"

"నాకేం తెలుసు తల్లీ. పెద్దయ్యగారే అన్నారు. అది విన్నాక కమ్మీ కావాలని మీలో ఎవరూ గొణగరు అని కూడా అన్నారు."

కందిరీగ చేతిలోని దుప్పటి వంకర పోయింది. కూలిలో కోత పడుతుందని మేస్త్రీ అవతలి నుంచి అరిచాడు.

సాయంత్రం ఆమె ఇంటి గడపలో కాలు పెట్టేసరికి చిన్నవాడు ఎదురొచ్చి చొక్కా చెయ్యి పైకెత్తి చూపించాడు. మోచేతి పైన నల్లగా మూడు మచ్చలు.

"అక్క గిచ్చుతోందమ్మా. రోజూ చీకటితోనే లేపి కూర్చోమంటోంది. కునుకు పడితే చాలు, గిచ్చుడే గిచ్చుడు!"

తొమ్మిదేళ్ళ కూతురు పళ్ళెం ముందు కూర్చుని ముద్ద చేతిలో పెట్టుకునే తూగుతోంది. బళ్ళో కూడా ఇలాగే తూగుతోందని టీచరమ్మ మొన్ననే కబురు పంపింది. ఏదో వయసు, ఎదిగే పిల్ల అని కందిరీగ ఊరుకుంది.

"ఏమే, తమ్ముణ్ణి గిచ్చావా?"

పిల్ల ఉలిక్కిపడింది. "వాడు నన్ను క్షమించాలమ్మా."

"ముందు చేసిందేమిటో ఒప్పుకో. క్షమించమని అడగడం ఆ తర్వాత." ఆ ఇంట్లో అది పాత కట్టుబాటు. రోజూ పొద్దున అయిదింటికి పని బట్టలు వేసుకోకముందే నలుగురూ చాప మీద కూర్చునేవారు. ఒక పాట పాడి, బైబిలు వాక్యం చదువుకుని, ఎవరికెవరు ఏం తప్పు చేశారో చెప్పుకుని, అప్పుడు ప్రార్థన చేసేవారు. పిల్లలకు మాటలు రాకముందే చేతులు జోడించడం నేర్పింది కందిరీగే. చదువు చెప్పించే స్తోమత ఎంతుంటుందో తెలియదు, కనీసం భక్తయినా ఇద్దామని ఆమె ఆశ.

"గిచ్చాను," అంది పిల్ల. "వాడు నిద్రపోతే ప్రార్థన తప్పిపోతుందని గిచ్చాను. మళ్ళీ తప్పిపోతే ఈసారి నీ చెయ్యి పోతుందమ్మా!"

కందిరీగ పిల్లను దగ్గరికి లాక్కుని గడ్డం పట్టుకుని అడిగింది. "ఎవరన్నారే ఆ మాట?"

పిల్ల వెక్కుతూ చెప్పింది. ఆదివారాలు పిల్లలకు పాఠం చెప్పేది యజమానే. బిస్కెట్లు కూడా పంచుతాడు. పోయిన నెలలో పిల్లలందరి ముందూ అడిగాడట, మీ నాన్నకు దెబ్బ తగిలిన రోజు పొద్దున మీ ఇంట్లో ప్రార్థన జరిగిందా అని. లేదంది పిల్ల. ఎందుకు జరగలేదన్నాడు. నాన్న లేపితే నేను లేవలేదండీ, నిద్రొచ్చింది అంది. చూశారా పిల్లలూ, ప్రార్థన తప్పిన ఇంటిని దేవుడు ఎలా దండించాడో అన్నాడు. ఆ తర్వాత తోటి పిల్లలు కొందరు దాని పక్కన కూర్చోవడం మానేశారు.

కందిరీగ పిల్ల కళ్ళు కొంగుతో తుడిచింది. ఓరి దుర్మార్గుడా, అనుకుంది. మొగుడి చెయ్యి తిన్నావు, చాలలేదా? ముక్కుపచ్చలారని పిల్ల నెత్తిన ఆ పాపం కూడా రుద్దుతావా?

ఆ పొద్దున జరిగిందేమిటో ఆమెకు బాగా గుర్తుంది. హోటళ్ళలో ఎవరో పెద్ద పెళ్ళివారు దిగారని, నాలుగింటికే లాండ్రీ బండి వచ్చి వీధి వీధంతా లేచేలా హారను కొట్టింది. ఆలస్యమైతే ఆ పూట కూలి ఉండదని డ్రైవరు కేకేశాడు. మొగుడు పిల్లను ఒకసారి తట్టాడు, అది అటు తిరిగి పడుకుంది. బండెక్కి వెళ్ళిపోయాడు. ప్రార్థన తప్పించింది ఆ హారను, పిల్ల కాదు.

మొగుడు పెరట్లో ఎడమచేత్తో నీళ్ళు తోడుకుంటున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఏం సాక్ష్యం చెప్పబోతున్నావు?"

ఆయన నీళ్ళు నమిలాడు. "ఏముందిలే... ఆ రోజు ప్రార్థన చెయ్యకుండా పనికి పోయాను, అందుకే దేవుడు దండించాడు, నా అజాగ్రత్తే అని నాలుగు మాటలు. చెబితే గేటు కాపలా పని ఇస్తానన్నారు. రోలరు కూలిలో సగమే. అసలు లేనిదానికంటే నయం కదా."

"పిల్లతో ఆయన అన్న మాట నీకు తెలుసా?"

ఆయన తల దించుకున్నాడు. తెలుసన్నమాట.

"పిల్లకేం తెలుసే, నాలుగు రోజులు పోతే మరిచిపోతుంది. ఆయన సంగతి దేవుడికి వదిలెయ్యి. పగ మనకెందుకు?"

"దేవుడు నిదానంగా చూసుకుంటాడు. నాకంత తీరిక లేదు," అంది కందిరీగ. "నా బిడ్డ నిద్ర మానేసి నా చెయ్యి కాపలా కాస్తోంది. దాన్ని కన్నది ఇందుకా? చేతులు జోడించడం నేర్పింది ఇందుకా?"

ఆయన చేద కిందపెట్టి గోడవైపు తిరిగాడు. ఆ వారమంతా కుటుంబ ప్రార్థనలో అందరూ ఆమెన్ అన్నాక ఆమె మనసులో ఒక మాట చేర్చుకునేది. ప్రభువా, వాణ్ణి ఒక్కసారి నా చేతికివ్వు. ఇంకేమీ అడగను.

ఆదివారం చర్చి నిండింది. యజమాని ముందు వరసలో, చేతులున్న కుర్చీలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా, లాండ్రీలో గంజి పెట్టించిందే. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది కూడా కందిరీగే. పాటలయ్యాక పాస్టరు సాక్ష్యాలకు పిలిచాడు. మొగుడు లేచి ముందుకు వెళ్ళాడు. మొండి మణికట్టును రెండో చంకలో దాచుకున్నాడు.

"ఆ రోజు పొద్దున... మా ఇంట్లో ప్రార్థన జరగలేదండి..."

"ఎందుకు జరగలేదు?"

అందరూ వెనక్కి తిరిగారు. ఆడవాళ్ళ వైపు కందిరీగ లేచి నిలబడింది. కూతురి చెయ్యి పట్టుకుని మధ్య దారిలోకి వచ్చింది.

"సాక్ష్యం మధ్యలో అడ్డురాకూడదమ్మా," అన్నాడు పాస్టరు మెల్లగా.

"అడ్డు కాదండి. సాక్ష్యంలో ఒక ముక్క మిగిలిపోయింది, అది పెద్దయ్యగారు చెప్పాలి. నాలుగింటికి మా గుమ్మం ముందు హారను కొట్టించిందెవరో చెప్పండి పెద్దయ్యగారూ. రోలరు ముందు కమ్మీ పీకించిందెవరో చెప్పండి. దేవుడు దండించాడని మా పిల్లతో అన్నారుగా, ఆ దేవుడికి పనిముట్టు ఎవరందించారో కూడా చెప్పండి!"

ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు. యజమాని మొహం ముందు పాలిపోయి, తర్వాత కందగడ్డయింది. కందిరీగ ఆ మొహాన్ని తృప్తిగా చూసింది. రెండు నెలలుగా ఆమె కోరుకుంటున్నది అదే. చూసినకొద్దీ ఇంకా చూడాలనిపించింది.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. గొంతు మాత్రం మెత్తగా పెట్టాడు. "కోపంలో ఉన్నావమ్మా. పిల్లలకు క్షమించడం నేర్పాల్సిన తల్లివి. ఇదేనా నువ్వు నేర్పేది?"

"క్షమించడం నేర్పానండి. అంతకంటే ముందు ఒప్పుకోవడం నేర్పాను. మా ఇంట్లో వరస అది. మీరు ఒప్పుకోండి. క్షమించాలో వద్దో తర్వాత ఆలోచిస్తాను. మీకు మాటివ్వను కూడా."

యజమాని మొగుడి వైపు తిరిగాడు. "నీ ఆడమనిషిని కూర్చోబెట్టు. నీకు పని కావాలా, వద్దా?"

మొగుడు ఒకసారి యజమానిని చూశాడు, ఒకసారి కూతుర్ని చూశాడు. చంకలోంచి మొండిచెయ్యి బయటికి తీశాడు.

"మా ఆవిడ అడిగింది నిజమేనండి," అన్నాడు చివరికి. "నేను... నేను ఆ సాక్ష్యం చెప్పను."

చెప్పి అక్కడే నిలబడిపోయాడు. గేటు పని పోయింది. రేపు పొద్దున రోలరు పని కూడా ఉండకపోవచ్చు. పోతే పోనీ, అనుకుంది కందిరీగ. భయం వేసింది, అయినా పోనీ అనే అనుకుంది.

అప్పుడు పిల్ల అమ్మ చెయ్యి వదిలి రెండడుగులు ముందుకు వేసింది. పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

"పెద్దయ్యగారండీ, అయితే ఆ రోజు నేను లేచి ప్రార్థన చేసినా నాన్న చెయ్యి పోయేదా?"

యజమాని పాస్టరుకు కనుసైగ చేశాడు. పాస్టరు గబగబా పాటల పుస్తకం తెరిచి, అందరికీ కంఠతా వచ్చిన పాటే ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయిపోయింది. మడతలు పెట్టే ముసలామె పుస్తకం ఒళ్ళో మూసి పెట్టుకుని కూర్చుంది. లాండ్రీ వాళ్ళెవరూ నోరు విప్పలేదు. పాస్టరు గొంతు ఒక్కటే కాసేపు సాగి, సన్నబడి, ఒకచోట తడబడింది.

"పాట తర్వాత పాడుకుందామండి," అంది కందిరీగ. "పిల్ల అడిగినదానికి ముందు జవాబు రానివ్వండి."