మంచు గోడ వైపు నా వీపు

"ఎల్విరా, ఇవేం నీళ్ళమ్మా, చల్లారిపోయాయి," అన్నారు అత్తగారు, చెక్కబాట పక్కన బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చుని.

ఆవిడకెదురుగా ఊరంత హిమానీనదం మంచు గోడలా సరస్సులోకి దిగుతోంది. నేను దానికి వీపు పెట్టి మాతే ఆకులో వేడినీళ్ళు పోస్తున్నాను. మాతే అంటే మాకు టీ లాంటిది; అందరం ఒకే సొరబుర్రలో, ఒకే గొట్టంతో వంతులవారీగా తాగుతాం. పోసే మనిషి మాత్రం ఒక్కరే, మధ్యలో చేయి మారకూడదని పట్టింపు. మా ఇంట్లో ఆ మనిషి ఎవరో పెళ్ళయిన రోజే తేలిపోయింది.

పందొమ్మిదేళ్ళుగా ఇక్కడికి దగ్గరి ఊరు కలఫాతెలో ఉంటున్నాను. వేసవి రాగానే బువెనోస్ ఐరెస్ నుంచి అత్తవారి చుట్టాలు దిగుతారు. వాళ్ళని కారులో ఇక్కడికి తీసుకొచ్చేది నేనే. ఎన్నిసార్లు వచ్చానో! మంచు విరిగిపడడం మాత్రం ఒక్కసారీ కళ్ళారా చూడలేదు. సరిగ్గా ఆ సమయానికి ఎవరి పిల్లాడినో పాయిఖానాకి తీసుకెళ్తూనో, ఎవరి కోటో మోస్తూనో ఉంటాను. నేను పనిచేసే హోటల్లో దుప్పట్లు మారుస్తుంటే అతిథులు అడుగుతారు, "పడేటప్పుడు ఎలా ఉంటుంది?" అని. అంతకుముందు దిగినవాళ్ళు చెప్పిందే వీళ్ళకి అప్పజెబుతాను. ఎంత సిగ్గు!

ఓ రోజు ఒక్కదాన్నే వెళ్ళి చూసొస్తానని మా ఆయన రామిరోతో అన్నాను. "పిచ్చా నీకు? మంచేగా, ఫ్రిజ్‌లో లేదా?" అని పగలబడి నవ్వాడు. వాళ్ళమ్మ కూడా నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఇంతలో నా వెనక ఏదో పెళపెళమంది. అందరి చూపులూ నా భుజం మీదుగా వెళ్ళాయి. నేను తిరగబోయాను.

"ఆగు, నా వంతు పోసి తిరుగు!" అంటూ ఖాళీ సొరబుర్ర చాచాడు రామిరో, మంచు మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఫ్లాస్కు అత్తగారి ఒళ్ళో పెట్టి తిరిగాను. మేడంత ముక్క గోడ నుంచి ఊడి నీళ్ళలో కూలింది. ముందు పడుతుందనీ, ఆ తర్వాతే ఉరుము వినిపిస్తుందనీ ఏ అతిథీ నాకు చెప్పలేదు. చెక్కబాట అంచు కమ్మీ పట్టుకుని ఏడ్చేశాను.

"మధ్యలో చేయి మారుస్తారా ఎక్కడైనా? ఇదేం పెంపకం!" అన్నారు అత్తగారు.

"చూశావుగా, సరదా తీరిందా?" అన్నాడు రామిరో. "ఇక పద, అమ్మకి చలేస్తోంది."

కారు తాళాలు అతని చేతిలో పెట్టాను. "మీరు వెళ్ళండి. నేను ఆఖరి బస్సుకొస్తాను."

"మరి వంటో? వచ్చి రెండు గంటలైంది, ఇంకా ఏం చూస్తావు?"

"మీరొచ్చి రెండు గంటలైంది రామిరో. నేనిప్పుడే వచ్చాను."