అమ్మమ్మ ఇంట్లో పుట్టినవాడు

రాజారత్నం పంతులు చేసిన నేరమల్లా అమ్మమ్మ ఇంట్లో పుట్టడం. తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్లకపోతే ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది కదా! వాళ్లమ్మ కూడా నిజాం రాజ్యంలోని కోదాడ నుంచి, సరిహద్దు అవతల తెల్లదొరల ఏలుబడిలో ఉన్న జగ్గయ్యపేట వెళ్లి కని, మూడో నెలలో పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. ఆ పిల్లాడు కోదాడలోనే పెరిగాడు, ముప్పై ఏళ్లు మిషన్ బడిలో పాఠాలు చెప్పాడు. అయినా నలభై ఎనిమిది జనవరిలో, బడి మీద ఎవరో మూడు రంగుల జెండా ఎగరేశారని నిజాం పోలీసులు వచ్చారు. నువ్వు మా రాజ్యంలో పుట్టినవాడివి కాదంటూ ఆయన్ను బండెక్కించి సరిహద్దు దాటించారు. మళ్లీ కనిపిస్తే జైలేనన్నారు.

ఆయన్ను వెనక్కి తెచ్చుకునే దారేదని భార్య మరియమ్మ కాళ్లరిగేలా తిరిగింది. సూర్యాపేట కచేరీలో గుమాస్తా కిళ్లీ నములుతూ, "ఆయన గీడనే పుట్టిండని కాగితం తే. లేకుంటే మాఫీ కోరుతూ అర్జీ రాయించు. రెండూ కాకుంటే సర్కారుకు దయ పుట్టేదాక ఊకో" అన్నాడు. మిర్యాలగూడ పొమ్మంటే అక్కడికీ పోయింది. వాళ్లు అదే మాట మళ్లీ చెప్పి, పుట్టుక కాగితం మీ ఊరి పటేలే ఇవ్వాలన్నారు. ఆ ముక్క ముందే చెబితే వీళ్ల సొమ్మేం పోయింది? మనిషి ఎదురుగా నిలబడితే తలెత్తి చూడరు. ఛీ, ఏం బతుకులు అనుకుంది.

కోదాడలో చావుపుట్టుకల పుస్తకం పోలీసు పటేలు పాపయ్య దగ్గర ఉంటుంది. ఆయన తల్లీ, మరియమ్మ అత్తా ఒకే బండిలో జగ్గయ్యపేటకు కాన్పుకి వెళ్లారని ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు. అప్పట్లో పుస్తకం రాసింది పాపయ్య నాయనే కాబట్టి అందులో పాపయ్య కోదాడలో పుట్టాడు. రాజారత్నం మాత్రం ఉద్యోగంలో చేరేటప్పుడు, అబద్ధం ఎందుకని, ఉన్నదున్నట్టు రాసిచ్చాడు.

"రాస్తనమ్మా, ఎందుకు రాయను?" అన్నాడు పాపయ్య, పక్కకి ఉమ్మేసి. "కాకపోతే పంతులు గూడ ఒక మాట రాయాలె. జెండా ఎక్కించింది లచ్చయ్యేనని ఈ కాగితం మీద దస్కతు పెడితే, రేపే వచ్చి బడి తెరుసుకోవచ్చు."

లచ్చయ్య ఎవరో కాదు, పంతులు దగ్గర అక్షరాలు దిద్దినవాడు. పంతులు వెళ్లిన రోజు నుంచి మరియమ్మకు కట్టెలు కొట్టి పెడుతున్నది అతనే.

"మీరెక్కడ పుట్టిన్రు పటేలా?" అంది ఉండబట్టలేక.

"పుస్తకంల సూస్కో" అని నవ్వాడు పాపయ్య.

మరియమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. అయినా కాగితం కొంగున కట్టుకుంది. చెల్లెలికి కాన్పని సరిహద్దు నాకా దగ్గర కాపలా జవాన్లకు చెప్పి జగ్గయ్యపేట చేరింది.

రాజారత్నం మేనమామ ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"లచ్చయ్యను పట్టుకుంటే ఏం జేస్తరో?" అన్నాడు.

"మీకు తెల్వదా?"

ఆయన పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోశాడు. తర్వాత, "వాడు ఈపాటికి ఊరిడిచి పోయే ఉంటడులే" అంటూ జేబులోంచి కలం తీశాడు.

"నిన్న పొద్దుగూకే యాళ్లకు మనింటికి కట్టెలు తెచ్చిండు."

ఆమె మాట విననట్టే ఆయన కలం మూత తిప్పాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి మొగుడి ముఖం చూడబుద్ధి కాలేదు మరియమ్మకు. గుమాస్తా అంతే, పాపయ్య అంతే, ఇప్పుడు ఈయనా అంతే. ఆ కాగితాన్ని ఇంత దూరం మోసుకొచ్చిన తన మీద ఇంకా ఎక్కువ అసహ్యం వేసింది. చటుక్కున లాక్కుని పొయ్యిలో పడేసింది.

"ఎంత పని జేసినవ్! ఇగ నేనెట్ల ఇంటికొస్త?"

"మీరు రావొద్దు. ఇల్లు ఖాళీ చేసి నేనే వస్త" అంది మరియమ్మ, ఆయన వైపు చూడకుండా. "దాన్ని కోదాడలనే చింపాల్సింది. నాకు ధైర్యం చాల్లేదు. మీకుంటదని తెచ్చిన."