నవనీత చూడాల్సిన పెళ్లి

రేఖ తన పెళ్లికి పెట్టిన షరతులన్నీ ఎనిమిదేళ్ల కూతురు నవనీత కోసమే. పంతులు తెల్లవారుజాము ముహూర్తం చెబితే కుదరదంది. "గప్పుడు నా బిడ్డ లేస్తదా పంతులూ? జర పొద్దెక్కినంక చూడు" అని పంచాంగం మళ్లీ తిరగేయించింది. పప్పులో కారం తగ్గించమని వంటాయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. డప్పులు అసలే వద్దంది. తండ్రిని సాగనంపిన నాటి నుంచి ఆ చప్పుడు వింటే నవనీత చెవులు మూసుకుని మంచం కిందికి దూరుతుంది. గద్వాలలో చీర కొన్ననాడు, అలాంటి అంచే ఉన్న లంగా కూతురికి కావాలని సరుకంతా తీయించి దుకాణంవాళ్ల ప్రాణాలు తోడేసింది. పెళ్లికూతురై ఉండి ఈ పెత్తనమేమిటని పెద్దమందడి ఊరి ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. తిప్పుకోనీ, వాళ్ల మూతులు వాళ్ల ఇష్టం.

భర్త గణేష్ బోరు మోటారు దగ్గర కరెంటు తగిలి పోయి మూడేళ్లయింది. అత్తమామలు పుష్పమ్మ, బాలస్వామి ఆమెను కూతురిలా దగ్గరే ఉంచుకున్నారు. ఈ సంబంధం చూసిందీ వాళ్లే. వరుడు రాఘవేందర్ గద్వాల బస్సుల్లో కండక్టర్. భార్య జబ్బుతో పోయింది, పిల్లలు లేరు. పెళ్లిచూపులకొచ్చిన రోజు రేఖను పలకరించడం మరిచిపోయి, నవనీతకు తన విజిల్ ఇచ్చి కూర్చున్నాడు. సాయంత్రానికల్లా ఇల్లు బస్టాండయింది. రేఖకు అక్కడే మనసు కుదిరింది.

కూతురు తన పెళ్లిలో ఉండాలనే పట్టుదలకు కారణం వేరే ఉంది. పసిదిగా ఉన్నప్పుడు నవనీత గోడమీది పెళ్లి ఫోటో చూసి, "నేనేడున్న? నన్నెందుకు పిలువలే?" అని అలిగి అన్నం మానేసింది. గణేష్ పడీపడీ నవ్వి, "ఈసారి మీ అమ్మ పెళ్లికి ముందుగాల నిన్నే పిలుస్తం తియ్" అన్నాడు. అప్పుడు రేఖ కూడా నవ్వింది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే అన్నం సహించదు. అతనన్న మాటల్లో ఇక చెల్లించగలిగింది ఇదొక్కటే మిగిలింది.

పెళ్లి రేపనగా పుష్పమ్మ వచ్చి రేఖ పక్కన కూర్చుంది.

"మారుమనువు కన్నబిడ్డ కంటవడొద్దు బిడ్డా. పిల్లకు కీడంటరు."

"గవన్నీ ఎవలు జూసిండ్రు అత్తమ్మా?"

"చూసినంక చేసేదేముంటదే? ఒక్క కొడుకును మట్టిల వెట్టిన. ఇది గూడ లేకుంటే నేనెట్ల బతుకుత?"

ఆచారంతోనైతే రేఖ కొట్లాడేదే. ఆ భయంతో కొట్లాడలేకపోయింది. పుస్తె కట్టేదాకా నవనీతను ఎదురింట్లో తాత దగ్గర ఉంచడానికి తలూపింది.

తెల్లారి ఇంటి ముందు షామియానా కింద జీలకర్రబెల్లం అయింది. రేఖ చూపంతా ఎదురింటి అరుగు మీదే. రాఘవేందర్ పుస్తె చేతిలోకి తీసుకోగానే ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"జర ఆగుండ్రి. నా బిడ్డ లేకుంట నాతోని కాదు."

వాకిలంతా గుసగుసలయింది. రాఘవేందర్ పుస్తెను పళ్లెంలో పెట్టేసి, "ఇంకొకలు ఎక్కాలె పంతులూ. అప్పటిదాక రైట్ అనేది లేదు" అన్నాడు.

మాట ఎదురింటికి చేరింది. బాలస్వామి మనవరాలిని ఎత్తుకొచ్చాడు. కొత్త లంగా సంబరంలో రాత్రంతా కన్ను మూయని పిల్ల, తీరా ఇప్పుడు తాత భుజం మీద ఒళ్లెరగకుండా నిద్రపోతోంది.

అందరికీ ఊపిరొచ్చింది. "మంచిదే అయింది. పిల్ల ఒడిల ఉన్నట్టయితది, చూడనట్టూ అయితది. కానీయండి" అన్నాడు పంతులు.

"లేపకు బిడ్డా, నీకు దండం వెడత" అంది పుష్పమ్మ.

రేఖ కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది. నోరు కొద్దిగా తెరుచుకుని, అచ్చం గణేష్ నిద్రలాగే ఉంది. అతను ఒక్కసారి, ఒక్క నిమిషం, ఆ షామియానా గుంజ దగ్గరికొచ్చి సరేనని తలూపిపోతే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. రాడు. అతని తరఫున చూడ్డానికి ఈ రెండు కళ్లే ఉన్నాయి. అవి మూసి ఉండగా మెడ వంచడం ఆమెకు చేతకాలేదు.

చెంప మీద మెల్లగా తట్టింది. "నవనీతా, లే బిడ్డా."

పిల్ల కళ్లు నులుముకుని చుట్టూ చూసింది. మూతి వంకర తిరిగింది. "అయిపోయిందా? మల్ల నేను లేకుంటనే చేసుకున్నరా?"

రేఖ నోరు విప్పేలోపే పుష్పమ్మ కదిలింది. చెంబులో కొంగు తడిపి మనవరాలి కళ్లు తుడిచింది.

"కాలేదే నా తల్లీ. నీ కోసమే ఆగినం. ఇగ చూడు, మంచిగ చూడు."

పుస్తె కట్టినంతసేపూ పుష్పమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు.