బస్తా అడుగు గింజలు

1987లో నా చేతిలో ఉన్నవి ఇవీ: మర్రిగూడలో కందుల దుకాణం, తొమ్మిది వందల రూపాయలు, కింద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేని భార్య సావిత్రమ్మ. మా ఊరి బోరు నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ మోకాళ్ళను అలా చేస్తుంది.

నల్లగొండలో ఒక వైద్యుడు మూడు నెలల తైలం ఇస్తున్నాడన్నారు. ఖరీదు సరిగ్గా తొమ్మిది వందలు. పని చేస్తుందని నాకు రూపాయికున్న పదహారణాల్లో ఆరణాల నమ్మకం. వాడినవాళ్ళను అడిగి, జవాబును బట్టి నమ్మకాన్ని పెంచడమో తగ్గించడమో చేద్దామనుకుని బయల్దేరాను.

వైద్యుడి అరుగు మీద మా ఊరి ఎల్లయ్య కనిపించాడు. "సగం నొప్పి పోయింది సేటూ" అన్నాడు. తొమ్మిదణాలైంది. పక్కనే కూర్చున్న పర్వతాలు అనే ఆయన లేచి చకచకా నడిచి చూపించాడు. పన్నెండణాలు!

ఇంటికొచ్చి వాళ్ళిద్దరి సంగతీ చెప్పి డబ్బు తీస్తుంటే సావిత్రమ్మ అడిగింది.

"గాళ్ళిద్దరు నీకు యాడ దొరికిన్రు?"

"వైద్యుని అరుగు మీదనే."

"కందులు కొననీకి పోతే బస్తా మూతి ఇప్పి, పైనున్నయి జూసి పైసలిస్తవా?"

"నేనేమన్న పిచ్చోన్నా? గొట్టం అడుగుదాక గుచ్చి గింజలు తీసి జూస్త. మంచియి పైననే పోస్తరు గద."

అన్నాక నాకే సిగ్గేసింది.

"కందులకున్న గొట్టం నా మోకాళ్ళకు లేదా?" అంది.

నయమైనవాడే మళ్ళీ ఆ అరుగెక్కుతాడు. కానివాడు ఇంట్లో మూలుగుతుంటాడు. మర్నాడు మా ఊళ్ళో తైలం వాడిన ఎనిమిది ఇళ్ళూ తిరిగాను. "నొప్పి ఆడనే ఉన్నది, పైసలే పోయినయ్" అంది సుగుణమ్మ. మిగిలినవాళ్ళదీ అదే పాట. ఎనిమిదింట్లో ఒక్క ఎల్లయ్యకే గుణం కనిపించింది. పర్వతాలు అసలు తైలమే వాడలేదట, అది ఆయన మామూలు నడక. నమ్మకం రెండణాలకు దిగింది. అంటే ఎనిమిది మంది తలా తొమ్మిది వందలు పోస్తే లేచేది ఒక్కరు; ఒక్క మనిషి లేవడానికి ఏడువేల రెండు వందలు.

"గా రేటుకు నన్ను నువ్వు లేపవ్" అంది సావిత్రమ్మ.

తిరుగుతున్నప్పుడే ఇంకో సంగతి తెలిసింది. నందికొండ నుంచి చేపల జీపు తోలే మెహమూద్, జీపులో మిగిలిన ఖాళీ జాగాలో క్యాన్లు పెట్టి నాలుగు ఇళ్ళకు కృష్ణ నీళ్ళు తెస్తున్నాడు. నెలకు ముప్పై రూపాయలు. ఆ నాలుగు ఇళ్ళనూ అడిగితే, మూడింట్లో నొప్పి తగ్గుముఖం పట్టిందన్నారు. అడిగింది నాలుగిళ్ళే గనక పన్నెండు దాకా పోలేదు గానీ, నమ్మకం పదణాలు దాటింది.

"సేటూ, క్యాన్ల పక్కన చేపలుంటయ్. మీరు తిననోళ్ళు, జర సోంచాయించుండ్రి" అన్నాడు మెహమూద్.

"నీళ్ళ పక్కన చేపలుండుడు కొత్తనా? తే!" అంది సావిత్రమ్మ లోపలి నుంచి.

ఏడాది తర్వాత లెక్క చూశాను. ఖర్చు మూడు వందల అరవై. చేతిలో మిగిలింది అయిదు వందల నలభై. సావిత్రమ్మ గోడ పట్టుకోకుండా లేస్తోంది. నొప్పి రూపాయిలో ఆరణాలు మిగిలింది. చారులో చేపల వాసన మాత్రం పదహారణాలు.