కువైటు ఖసమ్

ఆత్మకూరు బస్టాండు వెనక రాజమోహన్‌కు ఒక వీడియో హాలు ఉంది. పాత వేరుశనగ గోడౌనుకు సున్నం కొట్టించి, ఒక కలర్ టీవీ, ఒక డెక్కు పెట్టి దానికి హాలని పేరు పెట్టుకున్నాడు. ఆ శనివారం మధ్యాహ్నం అందులో సినిమా వెయ్యలేదు. కుస్తీ వేశాడు.

అమెరికా కుస్తీ కంపెనీ ఒకటి ఏటా చలికాలంలో కువైటుకు వచ్చి వారం పది రోజులు ఆటలు కట్టి పోతుంది. స్టేడియంలో ఆడిన ఆటల్ని అక్కడి టీవీలో వేస్తారు. ఆ ఏడు టీవీలో వేసినప్పుడు క్యాసెట్టులో పట్టి, సెలవు మీద ఊరికి వస్తూ వెంట తెచ్చాడు అక్కడే పనిచేసే అమానుల్లా. అందులో మన వలి ఉన్నాడని బస్సు దిగీ దిగకముందే చాటాడు.

వలి ఆత్మకూరు కుర్రాడు. కువైటులో బస్సు డ్రైవరు. ఉదయగిరి మదార్ సాహెబ్ కూతురు జీనత్‌తో రెండేళ్ళ కింద పెళ్ళి ఖాయమై మంగ్నీ అయింది. వచ్చే నెల సెలవుకు వస్తే నిఖా. కాబోయే అల్లుడు టీవీలో కనిపిస్తాడంటే మదార్ సాహెబ్ ఊరుకుంటాడా? కొయ్య గరిటెలు చెక్కే పని పక్కన పెట్టి, భార్య షరీఫున్నీసానూ కూతురినీ తీసుకుని బస్సెక్కాడు. పక్కింటి కామాక్షమ్మ కూడా వెంట బయలుదేరింది. ఆమెకు కుస్తీ అక్కర్లేదు, కలర్ టీవీ చూడాలి.

హాల్లో మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు వెనక చాపల మీద సర్దుకున్నారు. రాజమోహన్ మీట నొక్కాడు.

ముందు ఒక దున్నపోతు లాంటి తెల్లవాడు తాళ్ళ మధ్యకు దూకాడు. జనం కేకలు పెట్టారు. ఆ వెనక వలి వచ్చాడు. నెత్తిన ఎర్ర తలపాగా, నడుముకు పులిచారల నిక్కరు. కాస్త ఒళ్ళు చేశాడనుకుంది జీనత్. అంతలోనే ఆమె చూపు పక్కకు పోయింది. మెరుపుల బట్టలు కట్టిన, బంగారురంగు జుట్టున్న తెల్ల ఆడమనిషి ఒకతె వలి చేతిలో చెయ్యి వేసి నడిపించుకొస్తోంది. చాపల మీద ఎవరో "తోబా తోబా" అన్నారు.

మైకు పట్టుకున్న అరబ్బు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. అరబ్బీ తెలిసిన అమానుల్లా అప్పటికే సెలవు తీరి వెళ్ళిపోయాడు, మిగతా ఎవరికీ ఆ భాష రాదు. కానీ ఒక్క మాట మాత్రం అందరికీ తెలిసినట్టే వినిపించింది.

ఖసమ్.

మళ్ళీ వలినీ ఆ ఆడమనిషినీ దగ్గరగా చూపించారు. మళ్ళీ అన్నాడు. ఖసమ్.

ఆ చుట్టుపక్కల ముస్లిముల ఇళ్ళలో ఆ మాటకు ఉన్నది ఒకటే అర్థం. మొగుడు. మర్యాదగా చెప్పాలంటే షోహర్ అంటారు. ఖసమ్ అన్నది కుళాయి దగ్గర బిందెలు తగులుకున్నప్పుడు నోటికొచ్చే మోటు మాట. చాపల మీద తలలు ఒకటొకటే జీనత్ వైపు తిరిగాయి.

ఉర్దూ రాని కామాక్షమ్మ మోచేత్తో పొడిచింది.

"ఏందే, అందరూ నీ మొకం చూస్తా ఉండారు?"

"ఏం లేదు పెద్దమ్మా. కుస్తీ చూడు."

తెల్లవాడు వలిని పైకెత్తి గిరగిర తిప్పి కింద పడేశాడు. రెఫరీ నేల మీద కొట్టి లెక్కపెట్టాడు. వలి ఓడిపోయాడు. అది ఎవరికీ పట్టలేదు.

తిరుగు బస్సులో షరీఫున్నీసా పమిట నోట్లో కుక్కుకుని దారి పొడుగునా ఏడ్చింది. వాళ్ళు ఇల్లు చేరడానికి ముందే కబురు ఊరు చేరింది. వలి కువైటులో తెల్లదాన్ని చేసుకున్నాడట, టీవీలోనే చెప్పారట. ఆ మాట వింజమూరు దాటేసరికి వాళ్ళకొక పిల్లాడు కూడా పుట్టాడు.

మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేదే. కానీ కూతురి పెళ్ళి గుట్టు, అందులోనూ అంత బండ మాట, మసీదు గడప ఎక్కించేదెవరు? పైగా అరబ్బీ తల్లి, ఉర్దూ బిడ్డ అని వాళ్ళ నమ్మకం. బిడ్డ నోట ఒక అర్థం ఉన్న మాటకు తల్లి నోట ఇంకో అర్థం ఉంటుందని ఎవరికి తడుతుంది?

పది రోజులు తిరగకుండా కొండాపురం నుంచి సంబంధం వచ్చింది. బస్సు కండక్టరు. రోజూ రాత్రికి ఇల్లు చేరే మనిషి, ఏ టీవీలోనూ కనిపించడు. షరీఫున్నీసాకు అదే పెద్ద గుణంగా తోచింది. మదార్ సాహెబ్ మాత్రం, మంగ్నీ చేసిన నోటితో వాడినే ఒకసారి ఎదురుగా అడుగుతాను, ఆ తర్వాత కొండాపురానికి మాటిద్దాం అన్నాడు.

జీనత్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే వలే కావాలని చెప్పేది. అతను అమానుల్లా చేత ఒకసారి మాటలు పట్టిన టేపు పంపాడు. అందులో కువైటు ఎండ గురించీ, బస్సు బ్రేకుల గురించీ చెప్పి, చివర ఏం మాట్లాడాలో తెలియక దగ్గాడు. ఆ దగ్గు ఆమెకు నచ్చింది. అలా దగ్గే మనిషి రెండో సంసారం పెట్టగలడంటే మనసు ఒప్పుకోవడం లేదు. కానీ చెవులారా విన్నదే ఆ మాట.

వలి వచ్చాడు. ఊళ్ళో కాలు పెట్టిన మర్నాడే, గల్ఫు కవర్లు రెండు చేతులా మోసుకుని నవ్వుకుంటూ ఉదయగిరి చేరాడు. కవర్లు షరీఫున్నీసా చేతికిచ్చాడు. ఆమె అందుకుని, ముఖం చూడకుండా లోపలికి పోయింది. నవ్వు సగం తగ్గింది.

మదార్ సాహెబ్ వసారాలో గరిటెల కోసం నర్ది కర్ర చెక్కుతున్నాడు. కూర్చోమన్నాడు. జీనత్ తలుపు తెర వెనక నిలబడి వింటోంది.

మామూలు కుశలప్రశ్నలయ్యాయి. తర్వాత, టీవీలో నీ చేతిలో చెయ్యి వేసి వచ్చిన ఆడమనిషి ఎవరని అడిగాడు. కుస్తీ కంపెనీలో పనిచేసే మనిషి, ఆమె పేరు కూడా తనకు సరిగా తెలియదన్నాడు వలి. తాను ఆ కంపెనీ వాళ్ళను హోటలు నుంచి స్టేడియానికి తిప్పే బస్సు నడిపాడట. మరి బస్సు నడిపేవాడు తాళ్ళ మధ్యకు ఎందుకెళ్ళాడు?

వలి తల వంచాడు.

"అది చెప్పకూడదు మామూ. మాట ఇచ్చినాను."

"ఎవరికి?"

"కంపెనీ వాళ్ళకు."

"ఆమె కూడా కంపెనీ మనిషే గదా?"

"అవును మామూ."

ఉలి ఆగింది. మదార్ సాహెబ్‌కు అసలు ప్రశ్న అడగడమే కష్టమైంది. తెర వెనక కూతురుంది. ఆమె వినేటట్టు ఖసమ్ అన్న మాట తండ్రి నోటితో ఎట్లా అంటాడు?

"టీవీలో ఆ అరబ్బోడు నిన్ను ఒక మాట అన్నాడు," అన్నాడు చివరికి. "ఆ మాట నిజమేనా?"

వలి బిగుసుకుపోయాడు. అరబ్బు తనను నెల్లూరు పులి అనీ, హిందుస్తాన్ మొత్తం మీద ఓటమెరుగని పహిల్వాన్ అనీ చెప్పిన సంగతి అతనికి గుర్తుంది. అసలు ఆడాల్సినవాడు జ్వరంతో పడుకుంటే, మేనేజరు తనకు తలపాగా చుట్టి, ఎట్లా పడాలో పొద్దుటంతా నేర్పించాడు. ఆట ముందే కూడబలుక్కున్నదని ప్రాణం పోయినా ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టించుకున్నాడు. ఇప్పుడు మామూ అడుగుతున్నది ఆ పులి సంగతేనని అతననుకున్నాడు.

"అది వాళ్ళు చెప్పించిన మాట మామూ," అన్నాడు మెల్లగా. "నేను అడ్డం చెప్పలేదు."

"అయితే నిజమే."

"నిజం కాదు. కానీ కాదని పదిమందిలో నేను అనకూడదు."

మదార్ సాహెబ్ ఒళ్ళో పడిన చెక్కపొట్టు దులుపుకుని లేచాడు. గొంతు పెంచలేదు. ఇచ్చిన కవర్లు వెనక్కు తెచ్చియ్యమని లోపలికి చెప్పాడు. కొండాపురానికి ఈ రోజే మనిషిని పంపుదామన్నాడు. వలి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. అయినా ఒట్టు తప్పలేదు.

షరీఫున్నీసా కదల్లేదు. ఇంటికొచ్చిన బట్టలు తిప్పి పంపడమంటే ఆమెకు చేతులాడలేదు. జీనతే పోయి పెట్టె మీద ఉన్న కవర్లు అందుకుంది. పైనున్నది చీర కొట్టు కవరు. పసుప్పచ్చ రంగు. దాని మీద చేతి వెడల్పున నల్లటి అక్షరాలు.

ఉర్దూ చదువుకున్న పిల్లకు ఆ అక్షరాలు కొత్తవి కావు. ఖే, స్వాద్, మీమ్.

ఖసమ్.

పక్కన ముప్పై అని అంకె.

జీనత్ కవరు తిప్పి చూసింది. అటువైపూ అదే. ముప్పై ఖసమ్. ఏ దేశంలోనైనా కొట్టువాడు చీరల కవరు మీద ముప్పైమంది మొగుళ్ళని అచ్చు వేయించుకుంటాడా? తలమీద ముసుగు సర్దుకుంది. నిఖా కాకముందు పెళ్ళికొడుకు ఎదుటికి రాకూడదు. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చని తెర తోసుకుని వసారాలోకి వచ్చింది.

"ఈ కొట్లో మొగుళ్ళను కూడా అమ్ముతారా?"

మదార్ సాహెబ్ ఉలిక్కిపడ్డాడు. వలి ఆమెనూ, కవరునూ మార్చి మార్చి చూశాడు.

"మొగుళ్ళేంది?"

"ఇక్కడ రాసుండాది. ఖసమ్, ముప్పై."

"అదా? తగ్గింపు. నూటికి ముప్పై తగ్గించి ఇస్తామని. అక్కడ ప్రతి కొట్టు మీదా ఉంటాది."

"టీవీలో అరబ్బోడు నిన్ను చూపించి అన్నది కూడా తగ్గింపేనా?"

వలి నోరు తెరిచాడు. రెండేళ్ళ అరబ్బీ, ఇరవై అయిదేళ్ళ ఉర్దూ తలలో ఒకదానితో ఒకటి గుద్దుకున్నాయి. ముందు దగ్గాడు. తర్వాత నవ్వు వచ్చింది. ఆపుకోబోయి, ఆగక, వసారా స్తంభం పట్టుకుని నవ్వాడు.

"ఎదురు నిలబడినోడు," అన్నాడు ఊపిరి తీసుకుంటూ. "కుస్తీలో, కోర్టులో, ఎదటి పక్షం మనిషి. వాణ్ణి ఖసమ్ అంటారు. ఆ తెల్లోడికి నేను ఖసమ్‌ని మామూ. ఆమెకు కాదు."

మదార్ సాహెబ్ కవరు అందుకున్నాడు. కంటికి దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. తెర వెనక నుంచి షరీఫున్నీసా, అయితే ఆ తెల్లదానికి ఎవరూ మొగుడు కాదా అని అడిగింది. ఉంటే అమెరికాలో ఉంటాడు, మన లెక్కలోకి రాడన్నాడు మదార్ సాహెబ్. కవరు భద్రంగా మడత పెట్టి కూతురి చేతికిచ్చి లోపలికి పొమ్మని కళ్ళతో చెప్పాడు. జీనత్ వెళ్ళింది గానీ తెర దాటి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

గోడ అవతల నుంచి కామాక్షమ్మ, సంగతి తేలిందా అని కేక వేసింది. జీనత్ రెండు ముక్కల్లో చెప్పింది.

"ఇంతేనా? మొగుడన్నా, ఎదురు నిలబడినోడన్నా ఒకటేలేవే. నీకే తెలుస్తాది," అని కామాక్షమ్మ తన పనిలోకి పోయింది.

నిఖా అనుకున్న రోజుకే అని తేలింది. కొండాపురానికి మనిషిని పంపే పని తప్పింది. టీ తాగుతూ మదార్ సాహెబ్ ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టాడు. మొగుడి బరువు దిగిన తర్వాతే ఆయనకు రెండో సంగతి గుర్తుకొచ్చింది. కుర్రతనంలో దర్గా ఉరుసు కుస్తీల్లో ఆయనా లంగోటీ కట్టినవాడే.

"అది సరే. ఓడిపోయినావు గదా?"

తెర సందులో నుంచి జీనత్ చూస్తోంది. వలి నోటి దాకా ఏదో వచ్చింది. ఒక్క మాటంటే చాలు, ఓటమి ఓటమి కాకుండా పోతుంది. అతను గ్లాసులోకి చూశాడు.

"ఓడిపోయినాను మామూ. వాడు గట్టోడు."

"గట్టోడైతే ఏంది? నడుం పట్టినప్పుడు నీ మోకాలు వాడి తొడ లోపలికి పోవాల. లెయ్యి, చూపిస్తా."

వలి లేచాడు. అరవై ఏళ్ళ మామూ చెక్కపొట్టులో కాళ్ళు ఎడం చేసి నిలబడి, అతని నడుం వాటేసుకుని, మోకాలు ఎటు పోవాలో చూపించాడు. ఎదురు తిరగమన్నాడు, తిరిగాడు. కింద పడమన్నాడు, వలి ఎంతో నేర్పుగా, చప్పుడు మాత్రం బాగా వచ్చేటట్టు పడ్డాడు. మదార్ సాహెబ్ ముఖం వెలిగిపోయింది.

జీనత్‌కు అనుమానం వచ్చింది. ఆ పడడంలో ఏదో ఉంది. పెళ్ళయ్యాక అడగాలనుకుంది. కాసేపాగి, మాట ఇచ్చినాను అని అతను అన్నది తలుచుకుని, అడగకూడదనుకుంది. వసారాలో వలి లేచి పొట్టు దులుపుకుని, ఇంకోసారి చూపించమని మామూను అడుగుతున్నాడు.