పెళ్లినాటి బరువు

పొద్దున్నే సంచులు కట్టడం అత్తగారి పని, టీ కాచడం కోడలి పని. టెంటు చుట్టి క్యారియర్ మీద అడ్డంగా పెట్టాలి. దాని కింద చెరో పక్కన సంచులు వేలాడాలి, ఒకదాన్లో స్టవ్వూ గిన్నెలూ, రెండోదాన్లో దుప్పట్లూ బట్టలూ. రెండు పక్కలా సమానంగా లేకపోతే సైకిల్ తాగుబోతులా ఒరుగుతుంది. అత్తగారు ఆస్పత్రి లాండ్రీలో ఏళ్ల తరబడి తడి దుప్పట్లు ఎత్తిన మనిషి. పట్టుకుని చూస్తే చాలు, తూకం చెప్పేస్తుంది.

వాళ్లు వెళ్తున్నది రైళ్లు మానేసిన దారి. పట్టాలు ఎప్పుడో పీక్కుపోయారు. కంకర మిగిలింది, కంకరలో గడ్డి మొలిచింది. స్టేషన్లు మాత్రం పడిపోలేదు. వెయిటింగ్ రూముల్లో సైకిళ్లవాళ్లు పడుకుంటారు. టికెట్ కిటికీలోంచి టీ అమ్ముతారు.

ఈ ప్రయాణం కొడుకు అనుకున్నది. జబ్బు తగ్గాక పెళ్లాంతో కలిసి ఆఖరి స్టేషన్ దాకా తొక్కాలని మ్యాపు తెచ్చి మంచం ఎదురుగా గోడకి అంటించుకున్నాడు. జబ్బు తగ్గలేదు. వాడు పోయాక ఆ మ్యాపు తీయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

"తీసే బదులు వెళ్లొద్దాం అత్తయ్యా," అంది కోడలు.

పోయినవాళ్ల వస్తువులు బరువెక్కడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. మనిషి బరువంతా అతను వాడుకున్న వాటిల్లోకి సర్దుకుంటుంది. బయటివాళ్లకి ఇచ్చేస్తే అవి మళ్లీ మామూలు వస్తువులైపోతాయి. అందుకే చాలామంది నెల తిరక్కుండా ఇచ్చేస్తారు. వీళ్లు ఇవ్వలేదు. బయల్దేరేటప్పుడు గడప దగ్గర కూర్చుని సగం సగం పంచుకున్నారు. చొక్కాలు, బూట్లు, మఫ్లర్, షేవింగ్ డబ్బా, చిన్న రేడియో, కళ్లద్దాలు. బూటు ఎత్తితే కాలు ఎత్తినట్టే ఉంది.

మొదటి స్టేషన్‌లో సామాన్ల కాటా ఇంకా పనిచేస్తోంది. వాడివన్నీ తీసి దానిమీద పెట్టారు. ఆవిడ చూడలేక తల తిప్పుకుంది. ఆఖరి రోజుల్లో వాణ్ని ఒక్కతే ఎత్తుకుని బాత్రూముకి తీసుకెళ్లేది. తడి దుప్పటి ఇంతకంటే బరువుంటుంది అనుకునేది. కానీ ముల్లు అక్కడ ఆగలేదు. ఇంకా పైకి పోయి వాడి పెళ్లినాటి బరువు దగ్గర నిలబడింది.

టీ కిటికీలోంచి ముసలాయన తొంగిచూశాడు. "ఎవరమ్మా?"

"మా అబ్బాయి."

"పుష్టైన మనిషే."

"అవును. పుష్టిగానే ఉండేవాడు," అంది ఆవిడ. కాటా మీద చెయ్యి వేసి, టీ చల్లారేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు సంచులు కడుతూ కోడలి వాటాలోంచి మఫ్లర్ తీసి తన దాంట్లో పెట్టుకుంది. ఆ మర్నాడు షేవింగ్ డబ్బా. తర్వాత ఎడమ బూటు. కుడిది తన దగ్గరే ఉంది కదా, జత విడదీయకూడదని తనకి తనే చెప్పుకుంది. ఎత్తుల దగ్గర తొక్కలేక దిగి నెట్టేది.

ఒక పాడుబడ్డ సిగ్నల్ స్తంభం దగ్గర కోడలు సైకిల్ ఆపింది.

"నా సైకిల్ గాలికి ఎగిరిపోయేలా ఉంది. మీరేమో రైలింజన్‌లా రొప్పుతున్నారు. ఏంటత్తయ్యా సంగతి?"

"వయసు."

"ఆ వయసు ఏ సంచిలో పెట్టారో చూడనివ్వండి."

చూసింది. అన్నీ అక్కడే ఉన్నాయి, కళ్లద్దాలతో సహా.

"ఆయన నాకూ ఏదో అవుతారు కదా," అంది.

"నీకు మూడేళ్లు. నాకు ముప్ఫై."

అనేశాక నాలుక కరుచుకుంది. కోడలు సంచి పట్టీ బిగిస్తూ, "లెక్కలు బాగానే వచ్చు మీకు," అంది. సాయంత్రం స్టేషన్‌లో అత్తగారి మోకాళ్లకి మందు రాసింది. రాస్తూ రాస్తూ, "ఒక్కటైనా ఇవ్వండి," అంది. ఆవిడ నిద్రపోయినట్టు పడుకుంది.

కోడలిది కళ్లద్దాలు చేసే పని. ఆఖరి స్టేషన్ ఉన్న ఊళ్లో ఒక షాపువాళ్లు వచ్చి చేరమని కబురు మీద కబురు పెడుతున్నారు. "ముందు అత్తయ్యని ఇంటికి చేర్చనివ్వండి," అంటుంది ఆ పిల్ల. చేర్చడం అంటూ అయ్యేది కాదని ఆవిడకి తెలుసు. వాడు పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల పని మానేసి, వాడి కళ్లద్దాలు తుడుస్తూ కిటికీ దగ్గర కూర్చునేది. తుడిచిందే తుడవడం. వెళ్లి పనిలో చేరమని చెప్పాలని ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో! చెప్తే వెళ్లిపోతుంది. వెళ్లిపోతే ఇంట్లో పలకరించడానికి గోడలు మిగుల్తాయి. అందుకని నోరు కుట్టేసుకుంది.

నది మీద వంతెన దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. తుప్పు పట్టిన ఇనుము, మధ్యలో చెక్కలు. ఇవతల గుడిసెలో కాపలాదారు, గుడిసె ముందు కాటా. పక్కన జనం వదిలేసి పోయిన వస్తువుల కుప్ప. ఊతకర్ర, టిఫిన్ డబ్బా, చిన్నపిల్లల మూడు చక్రాల సైకిల్. ఆ సైకిల్ మీంచి ఆవిడ చూపు తిప్పేసుకుంది.

"ఒక్కొక్కరే దాటాలమ్మా. సామానుతో తూచి పంపుతాను," అన్నాడు కాపలాదారు. కోడల్ని తూచి సరే అన్నాడు. ఆవిడ సైకిల్ ఎక్కించగానే తల అడ్డంగా ఊపాడు. "మీరు ఇద్దరున్నారమ్మా. చెక్కలు ఆగవు."

"సగం నేను తీసుకుంటే?" అంది కోడలు.

"అప్పుడు ఇద్దరూ ఆగిపోతారు. మొన్న ఇలాగే అన్నదమ్ములు వాళ్ల నాన్నని పంచుకుని వచ్చారు. ఇద్దరూ వెనక్కే పోయారు." కుప్ప వైపు చూపించాడు. "అక్కడ వదిలేస్తే మీ ఇష్టం, ఇద్దరూ దాటొచ్చు."

ఎవరూ కుప్ప వైపు చూడలేదు.

"అయితే ఇంటికి పోదాం అత్తయ్యా," అంది కోడలు. గొంతులో ఏదో తేలిక. "నా సగం నాకివ్వండి. మోసుకుంటూ పోదాం."

ఇన్నాళ్లూ ఆ మాట కోసమే ఆవిడ కాచుకుని ఉంది. చెయ్యి సంచి మీదికి పోయింది, పట్టీ కూడా ఊడదీసింది. అప్పుడు తలెత్తి చూసింది. పిల్ల రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. సన్నటి వేళ్లు, ఇసుకరేణువంత స్క్రూలు బిగించే వేళ్లు. ఇంక జన్మంతా అలాగే చాచి ఉంటామనేలా ఉన్నాయి.

ఆవిడ పట్టీ మళ్లీ బిగించింది.

"ఇవ్వను."

"అత్తయ్యా?"

"నేను కన్నాను, నేను మోస్తాను. మధ్యలో పంచుకోడానికి నువ్వెవరు?"

కోడలు చేతులు దించింది. "మీరు కావాలనే అంటున్నారు."

"కావాలనే. అత్త అన్నాక ఆ మాత్రం అనకపోతే ఎలా?"

"మీ మోకాళ్లు..."

"నా మోకాళ్ల సంగతి అవే చూసుకుంటాయి. మా అమ్మ తొంభై ఏళ్లు నడిచింది. నేను పోయాక బతుకు మొదలుపెడదామనుకుంటున్నావేమో, అప్పటికి నీకే ఊతకర్ర కావాలి. నడువు."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొహం తుడుచుకుంది.

"కళ్లద్దాలు ఒక్కటి ఇవ్వండి. చిన్నవే కదా."

"అన్నిటికంటే అవే బరువు. వద్దు."

ఆ పిల్ల ఒంగి, ఆవిడ సంచి మీద ఒక్కసారి చెంప ఆనించింది. తర్వాత సైకిల్ పట్టుకుని వంతెన మీదికి నడిచింది. చెక్కలు కిర్రుమనను కూడా లేదు. అవతలి ఒడ్డున వెనక్కి తిరిగి ఏదో అంది. నీళ్ల హోరులో వినబడలేదు.

"వెనక టైర్లో గాలి తక్కువుంది! చూసుకో!" అని అరిచింది ఆవిడ.

కోడలు తలూపింది. అక్కడే కూర్చుని పంపు తీసి, గాలి కొట్టింది. ఒకసారి వేలితో నొక్కి చూసి, ఇంకాస్త కొట్టింది. లేచి సైకిలెక్కింది. దారి తిరిగే దాకా నీలం టెంటు కనబడుతూనే ఉంది, ఆ తర్వాత కనబడలేదు.

కాపలాదారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"తగ్గుతుందమ్మా," అన్నాడు. "ఏళ్లు పడుతుంది గానీ, ఏ బరువైనా కొంచెం కొంచెంగా తగ్గుతుంది. అప్పుడు రండి, నేనే దాటిస్తాను."

ఆవిడ నీళ్లు తాగి గ్లాసు తిరిగిచ్చింది. జారిన సంచిని సర్ది, రెండు పక్కలా సరిచూసుకుంది.

"అప్పుడే తగ్గడం ఏంటి బాబూ," అంది. "ఇప్పుడిప్పుడే కదా వాడు కాస్త ఒళ్లు చేశాడు."

సైకిల్ ఇంటివైపు తిప్పింది.